టికెట్టు ఎవరి చేతికి

మా ఇంట్లో పిల్లలకి నీతికథలు చెప్పే అలవాటు ఎవరికీ లేదు. అమ్మకి తీరిక ఉండేది కాదు. నాన్నకి స్టేషన్ డ్యూటీలు. మామ్మ కథలు చెప్పేది గానీ అన్నీ బర్మాలోని రంగూన్ కథలే, వాటిలో నీతి కన్నా ఆకలే ఎక్కువ. మొన్న మా ఆడపడుచు కూతురు డాలస్ నుంచి ఫోన్ చేసి, "అత్తా, పక్కవాళ్ళ కష్టం పట్టించుకునేలా పిల్లల్ని ఎలా పెంచాలి? మీరెలా పెంచారు?" అని అడిగితే వెంటనే ఏమీ తోచలేదు. వాళ్ళ బళ్ళో దీనికి విడిగా క్లాసులు పెడుతున్నారట, చదవాల్సిన పుస్తకాల పట్టీ కూడా ఇచ్చారట. మంచిదే. నాకు మాత్రం ఫోన్ పెట్టేశాక పర్లాకిమిడి స్టేషన్ గుర్తొచ్చింది.

నాన్న అక్కడ బుకింగ్ క్లర్కు. ఆ రైలుని ఇప్పటి పిల్లలు ఫొటోల్లో చూడాల్సిందే. నౌపడా జంక్షన్ నుంచి గుణుపురం దాకా నడిచే నేరో గేజి బండి. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను. 1900లో పర్లాకిమిడి దాకా వచ్చింది, 1931లో గుణుపురం చేరింది. కుర్రాళ్ళు నడుస్తున్న బండి దిగి జామకాయలు కోసుకుని మళ్ళీ ఎక్కేసేవాళ్ళని అందరూ చెప్తారు. దిగినవాళ్ళని నేనూ చూశాను గానీ మళ్ళీ ఎక్కినవాళ్ళని చూసిన గుర్తు లేదు. 2004లో ఆ బండి ఆపేసి, బ్రాడ్ గేజి వేశారు.

ఊరు ఒడిశాలో ఉన్నా మా వీధంతా తెలుగే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు తెలుగువైపు ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, సంతలో కొంచెం సవర, అంటే కొండల్లో ఉండే సవరవాళ్ళ భాష. మూడింట్లోనూ తిట్లు మాత్రం బాగా వచ్చేవి.

బళ్ళో సెలవులైతే నేనూ అన్నయ్యా నాన్నతో స్టేషన్‌కి పోయి, బుకింగ్ గదిలో బల్ల మీద కూర్చునేవాళ్ళం. అప్పట్లో టికెట్టంటే చిన్న అట్టముక్క. తారీఖు మిషన్‌లో పెట్టి నొక్కితే టక్కుమని చప్పుడు. ఆ చప్పుడు కోసమే వెళ్ళేవాళ్ళం. కోతలయ్యాక, కొండల్లో పని తగ్గిపోయే రోజుల్లో, గుమ్మ, సెరంగో వైపు నుంచి సవరవాళ్ళు గుంపులుగా దిగేవారు. ముందు ఒక సర్దారు, అంటే కూలీల్ని పోగేసి తీసుకుపోయేవాడు. వెనక మగవాళ్ళు, ఆడవాళ్ళు, చంకలో పిల్లలు, ఒక డేకిసా, ఒక గొడ్డలి, గుడ్డమూట. అస్సాం తేయాకు తోటలకనీ, ఇంకా పైన కొండల్లో రోడ్డుపనులకనీ వాళ్ళని తీసుకుపోయేవాళ్ళు. ముందే అడ్వాన్సు ఇచ్చేసి, తరవాత ఆ అప్పు కింద పని చేయించుకోవడం. దాదన్ అంటారు మా వైపు. ఎవరి కొడుకైనా చాలారోజులు కనబడకపోతే "దాదన్ పోయాడు" అంటే చాలు, ఇంకేమీ అడిగేవారు కాదు.

సర్దారు కిటికీలో డబ్బు పెట్టి, "ఇరవై టికెట్లు బాబూ, అన్నీ నా చేతికియ్యండి" అనేవాడు.

నాన్న డబ్బు లెక్కపెట్టుకుని, "ఒక్కొక్కరినీ కిటికీ దగ్గరికి రమ్మను" అనేవాడు.

"వాళ్ళకేం తెలుసు బాబూ, దారిలో పారేస్తారు."

"పారేసుకుంటే పారేసుకుంటారు. ప్రయాణం వాళ్ళది."

ఇక ఒక్కొక్కరూ వచ్చేవారు. నాన్న పేరు అడిగేవాడు. పేరుతో టికెట్టుకి పనేమీ లేదు, ఎక్కడా రాయక్కర్లేదు. అయినా అడిగేవాడు. పేరు చెప్పాక తలెత్తి మొహం చూసి, టికెట్టు చేతిలో పెట్టేవాడు. కొందరికి అది ఎలా పట్టుకోవాలో తెలిసేది కాదు. ఒకావిడ దాన్ని కొప్పులో దోపుకుంది, పువ్వు దోపుకున్నట్టు. వెనక లైన్లో జనం విసుక్కునేవారు. పాతపట్నం షావుకార్లయితే బాహాటంగానే తిట్టేవారు. సర్దారు మొహం మాడ్చుకుని నిలబడేవాడు. ఎందుకంటే టికెట్టు తన దగ్గర ఉన్నంతసేపే ఆ మనుషులు తన వెనక నడుస్తారు, మధ్యలో ఎవరికైనా మనసు మారి వెనక్కి తిరిగితే పట్టుకోవడానికి ఏముంటుంది?

దాదన్ మీద ఒడిశా ప్రభుత్వం 1975లోనే చట్టం చేసింది. తరవాత 1979లో కేంద్రం కూడా వేరే రాష్ట్రాలకి పోయే కూలీల కోసం ఒక చట్టం తెచ్చింది. కాంట్రాక్టరుకి లైసెన్సు ఉండాలి, ప్రతి కూలీకి ఫొటో అంటించిన పాస్‌పుస్తకం ఇవ్వాలి, రానూపోనూ ఖర్చులు ఇవ్వాలి, దారిలో గడిచిన రోజులకి కూలి కట్టాలి. అన్నీ కాగితం మీద ఉండేవి. నాన్న ఆ చట్టం కాపీ ఎక్కడో సంపాదించి, ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీసి పెట్టుకున్నాడు. "పాస్‌పుస్తకం ఇమ్మని చట్టంలో ఉంది. అది ఇప్పించడం నా వల్ల కాదు. టికెట్టు ఇవ్వడం నా చేతిలో పని" అనేవాడు.

మా వంతు పని కార్డులది. నాన్న పోస్టాఫీసు నుంచి పదిహేను పైసల కార్డులు కట్టగా తెచ్చేవాడు. వాటి మీద మా ఇంటి అడ్రసు ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ రాయడం నేనూ అన్నయ్యా చేసేవాళ్ళం. ఆదివారం పొద్దున్న ఇడ్లీలు తిన్నాక కూర్చుంటే మధ్యాహ్నం అయ్యేది. టికెట్టుతో పాటు ఒక కార్డు. రాయడం రాకపోతేనేం, అక్కడ దుకాణంవాడినో లారీ డ్రైవర్నో పట్టుకుంటే రెండు ముక్కలు రాసిపెడతారని నాన్న ఆశ.

"మన అడ్రసెందుకు నాన్నా, వాళ్ళ ఊరిది రాయొచ్చుగా?" అని అడిగాను.

"వాళ్ళ ఊళ్ళో చదివేదెవరే?"

మా ఇంటికి ఉత్తరం వస్తే, సంతరోజున వాళ్ళ ఊరివాళ్ళని వెతికి పట్టుకుని చదివి చెప్పాలి. అదీ మా పనే. ఇచ్చిన కార్డుల్లో తిరిగొచ్చినవి చాలా తక్కువ. ఒకటి మాత్రం హిందీలో వచ్చింది. మాకెవరికీ సరిగ్గా హిందీ రాదు, హిందీ మాస్టారి దగ్గరికి పరిగెత్తాం. కూలి ఇవ్వలేదు, సర్దారు వదిలేసి పోయాడు, ఇంటికి రావడానికి డబ్బులు లేవు. అంతే, మూడు వాక్యాలు. నాన్న ఆ కార్డు పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్తే, ఫిర్యాదు చేసే మనిషే స్వయంగా రావాలన్నారు. రాలేని మనిషి కాబట్టే కదా కార్డు రాశాడు అన్నాడట నాన్న. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. నాన్న అన్నం మానేయడం నేను చూసింది అప్పుడే. ఆ మనిషి తరవాతి ఏడు ఎవరి సాయం లేకుండానే తిరిగొచ్చాడు. మా అరుగు మీద కూర్చున్నాడు, బాగా చిక్కిపోయాడు. అన్నయ్య పెట్టెలోంచి ఆ కార్డు తీసి చూపిస్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఇది నాకంటే ముందే ఇల్లు చేరిందే అని పెద్దగా నవ్వాడు.

అమ్మ దారి వేరు. అమ్మకి చట్టాలూ అవీ పట్టవు, గింజలు కొలిచే కుంచం పడుతుంది. మా అమ్మ కొండవాళ్ళ దగ్గర ఏడాదికి సరిపడా చింతపండు, పసుపు, కందులు కొనేది. అడ్డాకులు కూడా కొని, విస్తర్లు కుట్టి పెళ్ళిళ్ళకి అమ్మేది. సంతరోజున తెల్లవారుజామునే కొందరు వ్యాపారులు ఊరి బయటే కాపు కాసేవాళ్ళు. సవర ఆడవాళ్ళు కావడి దించకముందే సరుకు లాక్కున్నంత పనిచేసి, ఏదో ఇంత చేతిలో పెట్టి పంపేసేవాళ్ళు. వాళ్ళలో ఒకాయన దగ్గర రెండు కుంచాలు ఉండేవి, కొనడానికి పెద్దది, అమ్మడానికి చిన్నది. ఊరందరికీ తెలుసు. గుడికి గంట కూడా ఆయనే చేయించాడు, అది వేరే సంగతి.

మా ఇంట్లో ఒకటే ఇనపకుంచం. కొలిచే పని నాది. నేను కందులు పోసేదాన్ని, కుంచం అంచు మీద పోగైన శిఖ తీసే పని మాత్రం సరుకు అమ్మేవాళ్ళది. అది అమ్మ పెట్టిన రూలు. కొన్నవాళ్ళు చెయ్యి గీస్తే కావాలని గింజలు మిగుల్చుకుంటారని. ఒక ముసలావిడ అరచెయ్యి నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. మణికట్టు దాకా పచ్చబొట్టు గీతలు, చెవితమ్మెల్లో గుండ్రటి చెక్కబిళ్ళలు. కుంచం అంచు మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా ఇటు నుంచి అటు జరిపేది. అంచు దాటిన గింజలు చాట మీద పడేవి. వాటిని ఏరి మళ్ళీ తన బుట్టలో వేసుకునేది, ఒక్కటి కూడా వదలకుండా. నాకు నవ్వొచ్చేది. అమ్మ కళ్ళతోనే ఊరుకోమనేది.

ఆవిడ చీర చిరుగుల మయం. మా చెల్లి చూసి, "పాపం అమ్మా, నీ పాతచీర ఒకటి ఇచ్చేద్దాం" అంది. అమ్మ, "ఇద్దువుగానిలే. ముందు కందుల డబ్బు లెక్క చూడు" అంది. డబ్బు ఇచ్చాక, ఆవిడ లెక్కపెట్టుకున్నాక, అప్పుడు లోపల్నుంచి చీర తెచ్చి ఇచ్చింది. చెల్లికి కోపం వచ్చింది, అమ్మ పిసినారని. రాత్రి పడుకునేటప్పుడు అమ్మ చెప్పింది: "చీర ఇచ్చి కందుల్లో కోసేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది ఉన్నారే. మనం వాళ్ళలో చేరొద్దు." నా ఉద్దేశంలో పిల్లల పెంపకం గురించి మా అమ్మ మాట్లాడింది అదొక్కటే.

ఇదంతా మా ఇంట్లోనే పుట్టిందని చెప్పను. పర్లాకిమిడిలో దీనికి ముందే ఒక దారి పడి ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు అక్కడే బడిపంతులు. సవరవాళ్ళ భాష నేర్చుకోవాలని, ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఆ రోజుల్లో వాళ్ళని గుమ్మం ఎక్కనిచ్చేవాళ్ళే లేరు. ఆయన సవర పిల్లల్ని తన ఇంట్లోనే ఉంచి, అన్నం పెట్టి చదువు చెప్పారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చెప్పే బడి పెట్టించండి అన్నారు. కొండల్లో తిరిగి మలేరియా పట్టుకుంది, దానికి వాడిన క్వినైన్‌తో చెవుడు వచ్చింది. 1936లో ఊరు ఒడిశాలో కలిసిపోతే, ఆ వయసులో రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆగస్టు 29న మనం దండలు వేసేది వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగుకి. సవర పిల్లలకి విస్తరేసిన గిడుగు ఉపన్యాసాల్లో ఎందుకో వెనకబెంచీలో కూర్చుంటాడు. మామ్మకి మాత్రం ఆయన అలాగే తెలుసు. "ఆ చెవిటి పంతులుగారింట్లో కొండపిల్లలు తినేవారు" అనేది.

మామ్మ రంగూన్ కథలకి వస్తాను. మా తాతగారు రంగూన్ రేవులో లెక్కలు రాసేవారు. గోపాల్‌పూర్ నుంచి స్టీమర్ మీద పోయేవాళ్ళు అప్పట్లో గంజాం, శ్రీకాకుళం వైపు జనం. మనవాళ్ళని అక్కడ కోరంగీలనేవారు, కోరంగి రేవు పేరు మీద. 1930 మే నెలలో రేవులో పని దగ్గర గొడవ మొదలై, తెలుగు కూలీలని వెతికి వెతికి చంపారు. అప్పటికి మామ్మకి ఇంకా పెళ్ళి కాలేదు, ఆ సంగతులన్నీ తాతగారు చెప్పినవే. ఆవిడ స్వయంగా పడింది తరవాతి కష్టం. 1941 డిసెంబరులో జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. స్టీమర్లలో చోటు డబ్బున్నవాళ్ళకే. మిగిలిన లక్షల జనం కాలినడకనే బయల్దేరారు. వీళ్ళు మణిపూర్ దారి పట్టారు. చంకలో మా నాన్న, పాలు తాగే పిల్లాడు.

ఆ నడక గురించి మామ్మ పెద్దగా చెప్పేది కాదు. ఒక ముక్క మాత్రం మళ్ళీ మళ్ళీ చెప్పేది. కొండ మీద ఏదో పల్లె. ఏ జాతివాళ్ళో తెలియదు, భాష తెలియదు. ఒకావిడ పిల్లాడి ఏడుపు విని బయటికొచ్చి, గంజి పోసిందట. మామ్మ చేతిగాజు తీసి ఇవ్వబోతే తీసుకోలేదట. "తరిమినవాళ్ళ పేర్లు చెప్పమంటే చెప్తాను. గంజి పోసిందాని పేరు తెలీదు" అనేది. నాన్న టికెట్టు కిటికీలో అందరి పేర్లూ ఎందుకు అడిగేవాడో, మామ్మ పోయాక చాలా ఏళ్ళకి గానీ నాకు తట్టలేదు.

చలికాలం వస్తే మా ముందుగది టిబెట్ మౌసీది. మౌసీ అంటే ఒడియాలో పిన్ని. చంద్రగిరి క్యాంపు నుంచి వచ్చేది, స్వెట్టర్ల మూటలతో. 1959లో దలైలామా ఇండియాకి వచ్చేశాక, ఆయన వెనక వచ్చినవాళ్ళలో కొందరికి 1963లో మా గజపతి జిల్లా కొండల్లో, చంద్రగిరి చుట్టుపక్కల చోటిచ్చారు. అప్పటికి అదింకా గంజాం జిల్లానే. ఇప్పుడు అందరూ జిరంగ్‌లో పెద్ద బౌద్ధారామం చూడ్డానికి కార్లేసుకుని పోతున్నారు, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించినది. మా చిన్నప్పుడు అటువైపు పోయేవాళ్ళే లేరు. మొక్కజొన్న పండించుకుంటూ, చలికాలం నాలుగు నెలలూ ఊళ్ళ మీద పడి స్వెట్టర్లు అమ్ముకునేవారు. స్వెట్టర్లు వాళ్ళు అల్లినవే అని జనం అనుకునేవారు. నిజానికి లూధియానా నుంచి అరువు మీద తెచ్చుకుని, సీజన్ అయ్యాక బాకీ తీర్చేవారు.

మౌసీతో పాటు సెలవుల్లో వాళ్ళబ్బాయి వచ్చేవాడు, అన్నయ్య ఈడువాడు. మా వీధి పిల్లలు వాడి కళ్ళు చూసి వెక్కిరించేవారు. వాడు వినపడనట్టు ఉండేవాడు గానీ గోలీల ఆటలో అందరి గోలీలూ గెలుచుకుని పోయేవాడు, ఒక్కటి కూడా తిరిగి ఇచ్చేవాడు కాదు. అన్నయ్య వాడితో జట్టు కట్టాడు. స్నేహం కొద్దీ కాదు, గోలీల కోసం. స్నేహం తరవాత కలిసింది, ఇప్పటికీ ఉంది.

ఒకసారి మౌసీ ఒక కాగితాల పుస్తకం తెచ్చి నాన్న ముందు పెట్టింది. విదేశీయులకిచ్చే రిజిస్ట్రేషన్ పుస్తకం, ఆర్.సి. అంటారు. గడువు తీరకముందే మళ్ళీ మళ్ళీ స్టాంపు వేయించుకోవాలి. ఫారం నింపిపెట్టమంది. నాన్న నన్ను రాయమన్నాడు, నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని. పుట్టిన ఊరు దగ్గర మౌసీ చెప్పిన పేరు నాకు రాయడం రాలేదు, అబ్బాయి దగ్గరికి వచ్చేసరికి 'చంద్రగిరి' అన్నాడు. నేను పెన్ను ఆపేశాను. నాన్న వైపు చూసి, "ఇక్కడే పుట్టాడుగా, మరి వీడు విదేశీయుడెలా అవుతాడు?" అన్నాను. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. "నువ్వు అడిగింది సరైన ప్రశ్నే. ఫారంలో మాత్రం అది రాయడానికి చోటు లేదు" అన్నాడు. మౌసీకి తెలుగు అంకెలు తప్ప ఏమీ రావు, అయినా ఏం మాట్లాడుకున్నామో అర్థమైనట్టు నా నెత్తి మీద ఒక్కటి మొట్టి, గులాబీరంగు మఫ్లర్ చుట్టింది. డబ్బులివ్వబోతే అమ్మతో పోట్లాడింది. అమ్మ కూడా తగ్గలేదు, ఇచ్చే వదిలింది.

ఆ ప్రశ్నకి జవాబు చట్టంలో ఎప్పటినుంచో ఉంది. 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1 లోపు ఈ దేశంలో పుట్టినవాళ్ళు పుట్టుకతోనే పౌరులు, అమ్మానాన్నలు ఎవరైనా సరే. టిబెట్ కుటుంబంలో ఇక్కడే పుట్టిన ఒకావిడ కోర్టుకెక్కితే, 2010 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ మాటే చెప్పింది. పేపర్లో చదివి అన్నయ్య ఆ రాత్రే వాడికి ఫోన్ చేశాడు. "ఇన్నాళ్ళకా?" అని వాడు ఒడియాలో ఒక మాట అన్నాడట, అది ఇక్కడ రాయలేను.

పెళ్ళయ్యాక నేను గంజాం జిల్లాలోని బరంపురం వచ్చాను. మా అత్తవారిది నేతపనివాళ్ళ కుటుంబం. మహూరి రాజుల కాలంలో తెలుగు దేశం నుంచి వలసొచ్చి, ఇక్కడే పట్టు నేస్తూ ఉండిపోయారు. 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చిన బరంపురం పట్టు వాళ్ళ చేతుల్లోదే. రెండేళ్ళకోసారి జరిగే బుధి ఠాకురాణి జాతర, ఊరంతటికీ అదే పెద్ద పండగ, మొదలైంది ఆ వలస వచ్చినవాళ్ళ వీధిలోనే. అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు ఆ వీధికే వస్తుంది. ఇవన్నీ మా పిల్లలకి చిన్నప్పుడే తెలుసు, జాతరలో వేషాల కోసం పరిగెత్తేవాళ్ళు కాబట్టి.

వాళ్ళని నేను ప్రత్యేకంగా పెంచానని చెప్పుకోలేను. మార్కుల కోసం నేనూ అందరి తల్లుల్లాగే అరిచాను. ఒకటి మాత్రం చేశాను. కూరగాయల డబ్బు, పనిమనిషి జీతం, రిక్షా కిరాయి, అన్నీ వాళ్ళ చేతుల మీదుగానే ఇప్పించాను. బేరమాడటం చూస్తే ఆపేదాన్ని. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లో, ఒలాతే అనే ఊళ్ళో, 'మా దేశం నుంచి పొండి' అని అరుస్తూ ఒకడు మన తెలుగు ఇంజనీర్ని కాల్చి చంపాడు. ఆ రోజు టీవీ ముందు నుంచి ఇంట్లో ఎవరూ కదల్లేదు. మా ఆడపడుచు అయితే డాలస్‌కి ఫోన్ మీద ఫోన్. అప్పుడు మా అమ్మాయి, ఇంకా స్కూల్లోనే ఉంది, అడ్డం పడబోయి తూటా తిన్న ఆ తెల్లకుర్రాడు బతికాడా అని అడిగింది. బతికాడు. ఇయాన్ గ్రిల్లట్. పేరు వెతికి పట్టుకుని నోట్‌బుక్కులో రాసుకుంది. మామ్మని అది చూడలేదు, మామ్మ పోయాకే పుట్టింది.

2020 సంగతి గంజాం జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు. సూరత్ మరమగ్గాల మీద మా జిల్లావాళ్ళు లక్షల్లో ఉంటారు. పన్నెండు గంటల షిఫ్టు. మెస్సుగదిలో ఒక పరుపు ఇద్దరిది, ఒకడు లేచి డ్యూటీకి పోతే రెండోవాడు వచ్చి పడుకుంటాడు. లాక్‌డౌన్ పెట్టేసరికి ఆ ఇద్దరూ ఒకేసారి ఆ పరుపు మీద. మా ఇంట్లో పనిచేసే మౌసీ కొడుకులు ఇద్దరూ అక్కడే చిక్కుకున్నారు. తిరిగి రావాలంటే ముందు ఆన్‌లైన్‌లో పేరు రిజిస్టరు చేయించుకోవాలన్నారు. మౌసీ మా అమ్మాయి ముందు కూర్చుంది, చేతిలో బటన్ ఫోను.

అది మొదలు. ఓటీపీ ఒక నంబరుకి వస్తుంది, ఆ నంబరులో బ్యాలెన్సు ఉండదు, ఫోను చార్జింగుకి ఎవరి గదిలోనో ఉంటుంది. అమ్మాయి రాత్రీ పగలూ ఫోన్లు చేస్తూ కూర్చుంది, మావాడు పక్కన నోట్‌బుక్కు పట్టుకుని పేరు, తండ్రి పేరు, పంచాయతీ, సూరత్‌లో ఉండే పేట రాశాడు. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు తెలిసినవాళ్ళ తెలిసినవాళ్ళు. మే నెలలో శ్రామిక్ రైళ్ళు జగన్నాథపూర్ స్టేషన్‌కి రావడం మొదలైంది. సర్పంచులకి అప్పటికే కలెక్టర్ల అధికారాలు ఇచ్చారు. వచ్చినవాళ్ళని బడుల్లో ఉంచారు, క్వారంటీన్ పూర్తిచేసిన వాళ్ళకి రెండువేల రూపాయలు ప్రకటించారు.

మా వీధి వాట్సాప్ గ్రూపులో గోల మొదలైంది. మన దగ్గర బడిలో వాళ్ళని పెట్టొద్దు, రోగం అంటుకుంటుంది, కలెక్టరుకి అర్జీ పెడదాం. భయం నిజమే, ఆ వేసవిలో ఒడిశాలో అన్నిటికంటే ఎక్కువ కేసులు మా జిల్లాలోనే. నాకూ టెన్షన్‌గానే ఉంది. మా అమ్మాయి ఆ గ్రూపులో తెలుగులో ఒకే మెసేజ్ పెట్టింది: "మన ముత్తాతలు మగ్గాలు మోసుకుని ఈ ఊరు వచ్చిన రోజున కూడా ఎవరైనా ఇలా అర్జీ పెట్టి ఉంటే, ఈ గ్రూపులో మనం ఉండేవాళ్ళం కాదు అంకుల్." ఒక పెద్దాయన నాకు ఫోన్ చేసి, ఆడపిల్లకి ఆ నోరేమిటమ్మా అన్నారు. నేను, "దానికి జవాబు ఉంటే గ్రూపులోనే పెట్టండి అన్నయ్యగారూ" అన్నాను. పెట్టలేదు. అర్జీ మాత్రం పెట్టారు. బడిలో జనాన్ని కూడా పెట్టారు.

మౌసీ కొడుకులు ఇద్దరూ క్షేమంగా వచ్చారు. రెండువేలూ పడ్డాయి, ఒకడికి ఆలస్యంగా. చలికాలానికల్లా ఇద్దరూ మళ్ళీ సూరత్ బండెక్కేశారు. మావాడికి అది మింగుడుపడలేదు. "అంత కష్టపడి తెప్పించాం, మళ్ళీ ఎందుకు పోయారు?" అని మౌసీనే అడిగాడు. మౌసీ గిన్నెలు తోముతూనే, "ఇక్కడుంటే ఏం తింటారు బాబూ? మీ నోట్‌బుక్కు జాగ్రత్తగా పెట్టు, మళ్ళీ పనికొస్తుంది" అంది. వాడు దాచాడు. ఇంట్లో ఏది అడిగినా దొరకదు గానీ అది దొరుకుతుంది.

ఈ ఏడు మేడ మీద గది వేయిస్తున్నాం. మేస్త్రి కొత్తూరు వైపు మనిషి, పనివాళ్ళు రాయగడ వైపు నుంచి వచ్చారు. అమ్మాయి సెలవులకి వచ్చింది, లా చదువుతోంది. మొదటిరోజే ఇటుకలు మోసే ఆడవాళ్ళ దగ్గరికి పోయి పేర్లు రాసుకుంది. సాయంత్రం కూలి ఇచ్చే వేళకి మేస్త్రి పక్కనే కుర్చీ వేసుకుంది. అదే ఇటుక మోసిన మగవాడికి ఒక రేటు, ఆడమనిషికి అంతకంటే తక్కువ. సమాన పనికి సమాన కూలి అని 1976లోనే చట్టం వచ్చింది కదా మేస్త్రిగారూ అంది. మేస్త్రి నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఇంకా గది పైకప్పే పడలేదు, బడ్జెట్ అప్పటికే దాటిపోయింది.

"మీ పాప వల్ల ఊళ్ళో రేట్లు పాడైపోతాయమ్మగారూ" అన్నాడు.

అమ్మాయి అప్పటికే ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పిలుస్తోంది. డబ్బు మేస్త్రికి కాకుండా వాళ్ళ చేతికే ఇస్తోంది. లెక్కపెట్టుకోమంటోంది. ఒకావిడ లెక్కపెట్టుకుని, ఎక్కువొచ్చిందేమో చూడమని ఒక నోటు తిరిగి ఇవ్వబోయింది. "ఎక్కువ కాదు, అంతే" అంది మా అమ్మాయి. ఆ వారం నుంచి కూలి విషయం మేస్త్రి నాతో మాట్లాడటం మానేశాడు, సిమెంటు బస్తాల లెక్క కూడా దానికే చెప్తున్నాడు.